వీల్ గ్రూపూ, మా తాతయ్య కరణీకమూ

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ బద్ధకించిన టపా ఇది. సగం మా ఆఫీసు గొడవ, సగం మా ఇంటి గొడవ. మధ్యలో రెండు వందల ఏళ్ళ చరిత్ర. సర్వర్లతో కుస్తీ పట్టేవాళ్ళకి మొదటి సగం తెలిసిన భాగవతమే, పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకి రెండో సగం తెలిసిందే. రెండూ తెలిసినవాళ్ళు ఓపిక ఉంటే చదవండి, లేదంటే చివరి రెండు పేరాలు చూసి వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను.

ముందు ఆఫీసు సంగతి. హైదరాబాదులో నేను పనిచేసిన ఒక చోట (పేరెందుకులెండి) ఓ శుక్రవారం రాత్రి ఆర్డర్ల టేబుల్లోంచి రెండు రోజుల డేటా ఎగిరిపోయింది. తెల్లారేలోగా బ్యాకప్‌లోంచి తెచ్చాం, మూడు గంటల డేటా మాత్రం పోయినట్టే పోయింది. ఎవరు చేశారా అని లాగ్ తీసి చూస్తే అందులో ఒకటే పేరు: రూట్. రూట్ అంటే ఎవరు? ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళందరూ. ఆ పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? అది చెప్పగలిగే మొనగాడు ఆ ఫ్లోర్లో లేడు. ఆ రాత్రి షిఫ్టులో ఉన్నది నేను. కాబట్టి రెండు రోజులపాటు మీటింగు మీద మీటింగు పెట్టి, చాలా మర్యాదగా, "నువ్వేమైనా పొరపాటున నొక్కావా, పర్లేదు చెప్పు" అని నన్నే అడిగారు. నేను నొక్కలేదు. నొక్కలేదని రుజువు చేసుకునే దారీ లేదు. ఆ తప్పు ఎవరిదో ఈరోజుకీ తేలలేదు.

ఆ తర్వాత, తప్పు చేశాడేమోనని అనుమానించిన వాడికే ఇల్లు ఊడ్చే పని అప్పజెప్పినట్టు, "ఎవరెవరు అడ్మిన్ అవ్వగలరో లిస్టు తియ్యి" అని నాకే చెప్పారు. తీశాను. వీల్ గ్రూపులో ముప్పై ఏడు పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. ఒకాయన సేల్స్‌కి మారిపోయాడు. ఒకటి టెస్టింగు కోసం ఎప్పుడో సృష్టించిన మనిషే లేని పేరు. మిగతావాళ్ళలో సగంమంది ఆ గ్రూపులో ఎందుకున్నారని అడిగితే మా లీడు చెప్పిన జవాబు: "వాళ్ళు ఫస్ట్ బ్యాచ్ తమ్ముడూ, సిస్టమ్ కట్టిందే వాళ్ళు."

ఈ మాట నేను అంతకుముందు ఎక్కడో విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తు రావడానికి కొంత టైం పట్టింది. అనకాపల్లికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద, మా తాతయ్య నోట విన్నాను.

తాతయ్య దగ్గరికి వెళ్ళేముందు ఈ వీల్ అనే పేరు కథ చెప్పాలి. యూనిక్స్‌లో సర్వాధికారి పేరు రూట్. మామూలు యూజరు రూట్‌గా మారాలంటే ఎస్‌యూ అనే కమాండు కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వాలి. బీఎస్‌డీ రకం యూనిక్స్‌లో ఇంకో తాళం కూడా పెట్టారు: పాస్‌వర్డ్ తెలిసినా సరే, నువ్వు వీల్ అనే గ్రూపులో సభ్యుడివి అయితేనే రూట్‌గా మారనిస్తుంది. ఆ పేరు యూనిక్స్ సొంతం కాదు. అంతకుముందు పీడీపీ-10 యంత్రాల మీద నడిచిన టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అధికారం ఉన్న ఖాతాకి వీల్ బిట్ అని ఒకటి ఉండేది. అమెరికా వాళ్ళ వాడుకలో పెద్ద మనిషిని, పలుకుబడి ఉన్నవాణ్ణి పెద్ద చక్రం అంటారట. అక్కణ్ణుంచి వచ్చింది. మనకీ ఆ మాట కొత్తేమీ కాదు కదా, ఢిల్లీలో ఫలానా ఆయన చక్రం తిప్పుతున్నాడు అంటూనే ఉంటాం. అంటే వీల్ గ్రూపుని తెలుగులో చక్రం తిప్పేవాళ్ళ జాబితా అనుకోవచ్చన్నమాట.

ఇప్పటికీ రెడ్ హ్యాట్, ఫెడోరా లాంటి లినక్సుల్లో ఆ గ్రూపు పేరు వీలే. ఉబుంటు, డెబియన్‌లలో దాని పేరు సుడో. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్స్ అని బోర్డే కట్టేశారు. పేరేదైనా కిటుకు ఒకటే. అధికారం మనిషికి ఇవ్వరు, గ్రూపుకి ఇస్తారు. మనిషి గ్రూపులో ఉంటే అధికారం ఉన్నట్టు, తీసేస్తే లేనట్టు. కాబట్టి అసలు ప్రశ్న గ్రూపుకి ఏ అధికారాలున్నాయన్నది కానే కాదు. ఆ గ్రూపులోకి ఎవరు, ఎలా వస్తారు అన్నదే.

మా తాతయ్య ఆ గ్రూపులోకి పుట్టుకతో వచ్చారు.

1958లో, ఇరవై ఏళ్ళ వయసులో, వాళ్ళ నాన్నగారి తర్వాత మా ఊరి కరణం అయ్యారు. ఈ తరం వాళ్ళకి కరణం అంటే సినిమాల్లో చెవిలో కలం పెట్టుకుని తగువులు పెట్టే కామెడీ పాత్ర గుర్తొస్తుందేమో. అసలు పని వేరు. ఊళ్ళో ప్రతి సర్వే నంబరూ ఎవరిది, ఎంత విస్తీర్ణం, ఎవరు సాగు చేస్తున్నారు, ఏం పంట వేశారు, నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది, శిస్తు ఎంత, ఇవన్నీ రాసి పెట్టేది కరణం. అడంగల్లో పేరుంటే భూమి ఉన్నట్టు, లేకపోతే కోర్టు చుట్టూ తిరగాల్సిందే. మన భాషలో చెప్పాలంటే ఊరి డేటాబేస్ మొత్తానికి రాసే అధికారం ఒక్కడిది.

అయితే ఇక్కడ మెచ్చుకోవాల్సిన సంగతొకటుంది. శిస్తు వసూలు చేసేది కరణం కాదు, మునసబు. డబ్బు ముట్టుకునేవాడు లెక్క రాయడు, లెక్క రాసేవాడు డబ్బు ముట్టుకోడు. ఈరోజు ఆడిటర్లు మన చేత స్లైడ్లు చేయించే సూత్రమే ఇది. ఏటా జమాబందీ ఉండేది. ఫసలీ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, ఆ ఏడాది లెక్కలన్నీ మూట కట్టుకుని కరణాలు పై అధికారి ముందు హాజరవ్వాలి. తాతయ్య జమాబందీ గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవారు. ఊళ్ళో ఎవరికీ భయపడని మనిషి ఏడాదికోసారి భయపడేవారన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే 1802 వస్తుంది. మా విశాఖపట్నం జిల్లాలో ఎక్కువ భాగం జమీందారీలే. శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చిన ఏడాదే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో కరణాల కోసం విడిగా ఒక రెగ్యులేషన్ చేశారు, 29వ నంబరుది. దాని ప్రకారం కరణాన్ని జమీందారు తన ఇష్టం వచ్చినట్టు పీకెయ్యడానికి వీల్లేదు, కోర్టు తీర్పు ఉండాలి. ఎందుకంటే లెక్కలు రాసేవాడు జమీందారు గుప్పిట్లో ఉంటే, జమీందారు ఏం చెప్తే అదే లెక్క అవుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ అదే రెగ్యులేషన్ ఇంకో మాట కూడా చెప్పింది: కరణం స్థానం ఖాళీ అయితే పాత కరణం వారసుల్లోంచే తీసుకోవాలని. తర్వాత 1895లో వచ్చిన మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం దీన్ని ఇంకా గట్టిగా బిగించింది. వారసుడు మైనరైతే అతని పేరు రాసిపెట్టుకుని, పెద్దవాడయ్యేదాకా ఇంకొకరి చేత పని చేయించేవారు. అంటే లాగిన్ ముందే సిద్ధం, పిల్లవాడు ఎదగడమే తరువాయి!

అలా కరణీకాలు ఎక్కువ ఊళ్ళలో నియోగుల ఇళ్ళల్లో ఉండిపోయాయి. మా ఉత్తరాంధ్రలో అయితే శిష్టకరణాలని కులం పేరులోనే ఉద్యోగం ఉంది. మునసబీ భూములున్న పెద్ద కుటుంబాల్లో ఉండేది. ఊరికి రాతపని చేసే గ్రూపు, పెత్తనం చేసే గ్రూపు, వెట్టి పనులు చేసే గ్రూపు అన్నీ పుట్టుకతోనే తేలిపోయేవి. ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి మారే కమాండు లేదు.

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలి అని ఒక గ్రామం. దాన్ని రెండు చేసి పెరవలిపాలెం అని కొత్త గ్రామం ఏర్పాటు చేశారు. కొత్త గ్రామానికి కొత్త మునసబు కావాలి. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో గాజుల దశరథరామారావు ఒకరు. కానీ 1895 చట్టంలో ఆరో సెక్షన్ ఏమంటుందంటే, గ్రామాల్ని విడగొట్టినా కలిపినా కొత్తగా ఏర్పడే ఉద్యోగాలకి పాత ఉద్యోగుల కుటుంబాల్లోంచే అర్హుణ్ణి ఎంచుకోవాలి. దాంతో ఆ ఉద్యోగం పాత మునసబు కుటుంబానికి వెళ్ళింది. దశరథరామారావు నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళారు. రాజ్యాంగంలో పదహారో అధికరణం ప్రభుత్వోద్యోగంలో కులం, మతం లాంటివాటితో పాటు వంశాన్ని బట్టి కూడా తేడా చూపించకూడదంటుంది కదా, మరి ఇదేమిటి అని అడిగారు. ఇది మామూలు ఉద్యోగం కాదు, వంశపారంపర్యపు హక్కు లాంటిది అని అవతలి వాదన. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: మునసబుగిరీ కూడా ప్రభుత్వం కింద ఉద్యోగమే, దాన్ని వంశాన్ని బట్టి ఇవ్వడం చెల్లదు.

ఈ తీర్పు మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే మా ఆఫీసులో అంతకు ఆరు నెలల ముందే ఒక సర్వర్ల గుంపుని రెండుగా విడగొట్టాం. కొత్త గుంపుకి అడ్మిన్లు ఎవరు అని నేనడిగితే, "పాత గ్రూపునే కాపీ చేసెయ్" అన్నారు. నేను మారు మాట్లాడకుండా కాపీ చేశాను. ఆ ముప్పై ఏడు పేర్లూ అలాగే కొత్త గుంపులోకి వచ్చి కూర్చున్నాయి. 1895 చట్టం ఆరో సెక్షన్‌ని నేను ఒక్క కమాండుతో అమలు చేశానన్నమాట. సుప్రీంకోర్టు కొట్టేసి అరవై ఏళ్ళు దాటాక!

తీర్పు వచ్చినంత మాత్రాన ఊళ్ళల్లో రాత్రికి రాత్రి ఏమీ మారలేదు. అప్పటికే ఉద్యోగంలో ఉన్న మా తాతయ్యలాంటి వాళ్ళు అలాగే కొనసాగారు. అసలు దెబ్బ 1984లో పడింది.

1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1984 జనవరి మొదటివారంలో ఒక ఆర్డినెన్సుతో రాష్ట్రంలో పార్ట్‌టైమ్ గ్రామోద్యోగాలన్నీ రద్దయ్యాయి. కరణాలు, మునసబులు, తెలంగాణలో పటేళ్ళు, పట్వారీలు అందరూ ఒకే రోజు మాజీలైపోయారు. అంతకుముందు 1980లో తమిళనాట ఎంజీఆర్ ప్రభుత్వం ఇలాంటి పనే చేసింది, 1982లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మనవాళ్ళూ కోర్టుకెళ్ళారు, 1985లో ఇక్కడా ప్రభుత్వమే గెలిచింది. తాతయ్యకి అప్పుడు నలభై ఆరేళ్ళు. ఫసలీ 1393, సగంలో ఉంది. సగం రాసిన అడంగల్ అప్పజెప్పి రమ్మన్నారని ఆయన చివరిదాకా చెప్పుకునేవారు. "మా నాన్న, మా తాత రాసిన పుస్తకాల్రా అవి. ఈ ఊరి లెక్క కట్టిందే మేము" అనేవారు. ఫస్ట్ బ్యాచ్ తమ్ముడూ, సిస్టమ్ కట్టిందే వాళ్ళు.

యాదృచ్ఛికమే గానీ, అదే 1984లో అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో ఇంకో చిన్న యుద్ధం జరిగింది. అక్కడ కొంతమంది యూజర్లు ఒక యంత్రం మీద ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చేసి, దాన్ని తమ దగ్గరే దాచుకుని, మిగతావాళ్ళ మీద పెత్తనం చెయ్యబోయారట. గ్నూ ప్రాజెక్టు పెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ కెర్నెల్‌నే మార్చి ఆ కుట్ర విఫలం చేశానని రాసుకున్నాడు. అందుకే ఆయన గ్నూ ఎస్‌యూలో కావాలనే వీల్ గ్రూపు పెట్టలేదు. ఆయన వాదన ఇది: కొద్దిమంది చేతిలో అధికారం ఉన్నప్పుడు, వాళ్ళలో దయగల ఒకడు పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్తే మామూలు జనం కూడా బతికిపోతారు. వీల్ గ్రూపు ఉంటే ఆ చిన్న కిటికీ కూడా మూసుకుపోతుంది. నేను జనం పక్షం, అధికారుల పక్షం కాదు అని తేల్చేశాడు.

కాలేజీలో చదివినప్పుడు ఈ మాట నాకు తెగ నచ్చేసింది. అధికారాన్ని కొద్దిమందికి కట్టబెట్టకూడదన్నవాడు కనక, ఆయనా ఎన్టీఆరూ ఒకే ఏడాది ఒకే పని చేశారనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ప్రయోగశాలలో అందరూ ఒకరికొకరు తెలుసు, పోయేది మహా అయితే ఒక రోజు పని. అడంగల్లో ఒక గీత మారితే ఒకడి అరెకరం పోతుంది. పాస్‌వర్డ్ ముప్పై ఏడుమందికి తెలిసిన చోట, దయగలవాడు చేసిన మంచీ కనపడదు, తప్పు చేసినవాడి తప్పూ కనపడదు. ఆ శుక్రవారం రాత్రి షిఫ్టులో ఉన్నవాణ్ణి నేను, నాకు తెలుసు ఆ బాధ.

దీనికి నిజమైన మందు 1980లోనే తయారైంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ అనే ఇద్దరు సుడో అనే ప్రోగ్రాం రాశారు. ఇందులో రూట్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళు ఇచ్చుకుని, తమకి అనుమతి ఉన్న కమాండు మాత్రం నడుపుకోవచ్చు. ఫలానావాడు ఫలానా టైముకి ఫలానా పని చేశాడని లాగ్‌లో పేరుతో సహా పడుతుంది. కరణం కలం అందరికీ ఇవ్వకుండా, ఎవరి సంతకం వాళ్ళ చేత పెట్టించినట్టు.

మళ్ళీ ఊరికొద్దాం. 1984 తర్వాత ఊరి లెక్కలు ఏమయ్యాయి? గ్రామ సహాయకులు వచ్చారు, తర్వాత గ్రామ పరిపాలనాధికారులు, తర్వాత పంచాయతీ కార్యదర్శులు, 2007లో వీఆర్వోలు. పేరు మారింది, మనుషులు మారారు, పరీక్షలు రాసి ఏ కులం వాళ్ళైనా రాగలిగారు. అది చిన్న విషయం కాదు. మా ఊళ్ళో మొదటిసారి ఒక మాల కుర్రాడు వచ్చి ఊరి లెక్కల పుస్తకం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు ఊరు ఊరంతా ఏదో ఒక వంకతో వెళ్ళి చూసొచ్చిందట. ఆ మాట చెప్పినప్పుడు తాతయ్య ముఖంలో ఏముందో నాకు అప్పుడు అర్థమయ్యే వయసు లేదు.

కానీ పుస్తకాల్లో లేని సంగతులు పుస్తకాలతో పాటు వెళ్ళవు కదా. 2011 వేసవిలో, నేను ఎనిమిదో తరగతి రాసి ఇంటికొచ్చినప్పుడు, ఒక ముసలాయన కర్ర పట్టుకుని మా అరుగు మీదకి వచ్చాడు. అరవై సెంట్ల మెట్టు. కంప్యూటర్ కాగితంలో అన్న కొడుకు పేరు పడింది. "బావూ, తవఁరే రాసినారు గదా అప్పుడు. తవఁరికి తెలీదా" అన్నాడు. తాతయ్య కళ్ళు మూసుకుని సర్వే నంబరు చెప్పారు, సబ్ డివిజన్ చెప్పారు, నాలుగు హద్దులూ చెప్పారు, పడమటి హద్దులో ఉన్న తాటిచెట్ల లెక్కతో సహా. తర్వాత కళ్ళు తెరిచి, "నాకు తెలిస్తే ఏం లాభం రా, నా మాట చెల్లదు కదా ఇప్పుడు" అన్నారు. ఆ ముసలాయన కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నేను ఆ రోజంతా ఎన్టీఆర్‌ని తిట్టుకున్నాను. ఇంత తెలిసిన మనిషిని ఎందుకు తీసేశారు అని.

తాతయ్య 2016లో పోయారు. పోయిన వేసవిలో నేను వెళ్ళినప్పుడు అటక సర్దుతుంటే ఒక రేకు పెట్టె దొరికింది. అందులో రెండు అరవై నాలుగు కళల పాత పంచాంగాలు, ఒక ఎండిపోయిన సిరాబుడ్డి, మడత పెట్టిన ఒక కాగితం. తాలూకాఫీసులో రికార్డులు అప్పజెప్పినట్టు రసీదు. నలభై మూడు పుస్తకాల పేర్లు, తాతయ్య చేతిరాతే, కింద తీసుకున్నవాళ్ళ సంతకం. రికార్డులు అప్పజెప్పకుండా దాచుకున్న కరణాలు ఉన్నారని, దాంతో రైతులు నానా అగచాట్లు పడ్డారని వింటూనే ఉంటాం కదా. మా తాతయ్య అలా చెయ్యలేదని గర్వంగా నాయనమ్మకి చూపించాను.

నాయనమ్మ కాగితం చూసి, "అవును, పుస్తకాలన్నీ ఇచ్చేశారు, ఒక్క కాగితం ఉంచుకోలేదు" అంది. కాసేపాగి, "కానీ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తేలిగ్గా చూపించలేదు నాన్నా" అంది. మొగుడు పోయిన ఒకావిడ తన భూమి తన పేర ఉందో లేదో చూసి చెప్పమని ఎనిమిది రోజులు మా అరుగు చుట్టూ తిరిగిందట. చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో ఏదో మాట తూలాడని తాతయ్య పంతం. తొమ్మిదో రోజు నాయనమ్మే వంటింటి కిటికీలోంచి, "నీ పేరే ఉందట, ఇంటికెళ్ళు" అని చెప్పిందట. అంటే స్టాల్‌మన్ చెప్పిన ఆ దయగల మనిషి మా ఇంట్లోనే ఉందన్నమాట. కానీ ఒక ఊరి ఆడవాళ్ళ బతుకు ఒక వంటింటి కిటికీ మీద ఆధారపడితే ఎలా?

తాతయ్య లంచాలు తిన్న మనిషి కాదు, దొంగ రాతలు రాసిన మనిషీ కాదు. నేను ఎవరితోనైనా అదే చెప్తాను. కానీ ఆ ఎనిమిది రోజులు ఏ జమాబందీలోనూ కనపడవు. జమాబందీ అధికారి పుస్తకంలో రాసింది చూస్తాడు, చూపించనిది ఆయనకెలా తెలుస్తుంది? ఆవిడకి కావలసింది రాసే అధికారం కాదు, చదివే అధికారం. ఊళ్ళో ఆ రెండూ ఒకే పెట్టెలో పెట్టి, ఒకే ఇంటికి తాళం ఇచ్చారు. పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చి రైతు చేతికి సొంత ప్రతి ఒకటి ఇవ్వాలన్నప్పుడే ఆ ముడి విడదీయడం మొదలైంది. 2015లో ఆంధ్రలో మీభూమి వచ్చాక అడంగల్, 1-బి ఫోన్లో చూసుకోవడం అయింది. తప్పులు లేవని కాదు, కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. కానీ తప్పు ఉందని తెలుసుకోవడానికి ఎవరి అరుగూ ఎక్కక్కర్లేదు. తెలంగాణలో 2020లో వీఆర్వోలని తీసేసి ధరణి తెచ్చినప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నారు. కింద ఉన్న గ్రూపుని తీసేసి చాలా దిద్దుబాట్లు కలెక్టరు దాకా పంపితే, తప్పు దిద్దించుకోవడానికి చిన్న రైతు జిల్లా కేంద్రం దాకా తిరగాల్సి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. అందరికీ తాళాలిస్తే ఒక రకం కష్టం, ఒక్కడికే ఇస్తే ఇంకో రకం కష్టం.

నాయనమ్మ మాట విన్న తర్వాత ఆ రేకు పెట్టె మళ్ళీ అటకెక్కించాను, రసీదు మాత్రం నాతో తెచ్చుకున్నాను. తిరిగొచ్చాక ఆఫీసులో చేసిన పని చెప్పి ముగిస్తాను. ముప్పై ఏడు పేర్లూ పక్కన పెట్టి, గ్రూపు ఖాళీ చేశాం. కావలసినవాళ్ళు ఎందుకు కావాలో రాసి అడగాలి, ఇద్దరు ఒప్పుకోవాలి, ఆరు నెలలకి దానంతటదే రద్దవుతుంది. నేరుగా రూట్‌గా లాగిన్ అవ్వడం మూసేశాం. లాగ్‌లు చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిన్న చేరిన కుర్రాడు కూడా చూడొచ్చు. తీసేసిన సీనియర్లని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, పుస్తకంలో లేని సంగతులు, అంటే ఆ పడమటి హద్దులో తాటిచెట్ల లాంటివి, రాయించుకున్నాను. అది అన్నిటికంటే కష్టమైన పని. ఒకాయన నా మొహం మీదే, "నువ్వు పుట్టకముందు నుంచీ సర్వర్లు చూస్తున్నాను" అన్నాడు. ఆయనకి నేనేమీ జవాబు చెప్పలేదు. మా తాతయ్యకి టీ ఇచ్చినట్టే టీ తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని రాసుకున్నాను.

కొత్త గ్రూపులో ఇప్పుడు అయిదుగురున్నారు. అందులో నా పేరు లేదు. నా రోజువారీ పనికి అది అక్కర్లేదని అడిగే ఫారంలో కారణం రాయబోతే నాకే తెలిసింది. ఉంచుకుందామని చెయ్యి లాగింది, అబద్ధమెందుకు. ఈ ఏర్పాటంతా కట్టింది నేనే కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట లోపల వినపడగానే ఫారం మూసేశాను.